నోట్స్ యాప్ డేటా అంతా వేరే కంపెనీ క్లౌడ్‌కి మారుస్తారట, ఉంచాలా తీసేయాలా?

చిత్తుకాగితం #1
డబ్బు కట్టి వాడుతున్న నోట్స్ యాప్ నుంచి మెయిల్ వచ్చింది. ఇన్నాళ్లూ సొంత సర్వర్లలో ఉన్న నోట్లన్నీ వచ్చే నెల నుంచి ఒక పెద్ద క్లౌడ్ కంపెనీలో పెడతారట. "మీరు చేయాల్సిందేమీ లేదు, మీ డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది" అని రెండు లైన్లు, కింద కొత్త ప్రైవసీ పాలసీకి లింకు. యాప్ పేరు రాయను, ఏ యాప్‌కైనా ఇదే ప్రశ్న కదా. ఆ క్లౌడ్ వాళ్లు నోట్లు చదవగలరా? ఎన్‌క్రిప్ట్ అంటే అసలు ఎవరికి కనబడకుండా? 4,000 పైచిలుకు నోట్లున్నాయి, సగం స్కాన్లే. బయటికి లాగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

డిస్క్‌నిండింది #2
మీ కిరాణా లిస్టు చదివే తీరిక వాళ్లకెక్కడిదండీ.

తాళంచెవి #3
#2, మనవాళ్ల కిరాణా లిస్టు పక్కనే ఆధార్ స్కాన్ ఉంటుంది, అదీ సంగతి.

ఎన్‌క్రిప్షన్ అన్న ఒక్క మాటతో మూడు వేర్వేరు పనులు నడిపిస్తారు. ఫోన్ నుంచి సర్వర్ దాకా దారిలో వేసేది టీఎల్‌ఎస్. మధ్యలో వైఫై మీద కాపు కాసినవాడికి కనబడదు, సర్వర్ చేరగానే విప్పేస్తారు. రెండోది డిస్కు మీద వేసేది. పెద్ద క్లౌడ్‌లు ఏఈఎస్-256 అనే గట్టి పద్ధతితో మామూలుగానే వేస్తాయి. డేటా సెంటర్లోంచి ఎవడైనా డిస్కు ఊడబెరుక్కుపోతే అప్పుడు పనికొస్తుంది. యాప్ సర్వర్ అడిగితే మాత్రం మారు మాట్లాడకుండా విప్పి ఇస్తుంది. మూడోది ఎండ్ టు ఎండ్. మీ ఫోన్లోనే తాళం పడుతుంది, చెవి ఫోన్ దాటి బయటికి రాదు, సర్వర్‌కి చేరేది చెత్త అక్షరాలే.

మీ మెయిల్‌లో చెప్పింది మొదటి రెండే అయ్యుంటుంది. తేల్చుకోవడం కష్టమేం కాదు. "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కండి. మెయిల్‌కి లింకు వచ్చి, కొత్త పాస్‌వర్డ్ పెట్టగానే పాత నోట్లన్నీ కనబడ్డాయంటే తాళంచెవి వాళ్ల దగ్గరుంది. ఇంకోటి, కొత్త కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి స్కాన్ బొమ్మలోని అక్షరాలు వెతకండి. దొరికాయంటే ఆ బొమ్మను సర్వర్ చదివి పెట్టుకుంది.

పాతసర్వర్ #4
దీనికి బాగా తెలిసిన కేసు ఎవర్‌నోట్ అనే నోట్స్ యాప్. 2016 సెప్టెంబర్‌లో ప్రకటించారు, సొంత డేటా సెంటర్లు వదిలేసి గూగుల్ క్లౌడ్‌కి పోతున్నామని. 20 కోట్ల యూజర్లు, 3 పెటాబైట్లు, 70 రోజుల్లో తరలించారు. అప్పుడూ ఇదే గోల: "గూగుల్ మా నోట్లు చదివి యాడ్స్ వేస్తుంది" అని. క్లౌడ్ వ్యాపారం వేరు, యాడ్స్ వ్యాపారం వేరు. కస్టమర్ కంపెనీ డేటాని యాడ్స్‌కి వాడనని కాంట్రాక్టులో రాసిస్తారు, అది తప్పితే వాళ్ల క్లౌడ్ దుకాణమే మూతపడుతుంది. పైగా పెద్ద క్లౌడ్‌కి పోతే డిస్కు మీద ఎన్‌క్రిప్షన్ అడక్కుండానే వస్తుంది. సొంత సర్వర్ అంటే గుడిలో హుండీలా భద్రం అనుకోకండి.

డల్లాస్‌దోసె #5
పాతసర్వర్ గారు సగం కథ చెప్పి వదిలేశారు. తరలింపు నడుస్తుండగానే 2016 డిసెంబర్‌లో ఎవర్‌నోట్ కొత్త పాలసీ పెట్టింది. 2017 జనవరి 23 నుంచి అమలు. మెషీన్ లెర్నింగ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి కొందరు ఉద్యోగులు నోట్లు చూడొచ్చని అందులో ఉంది. జనం గగ్గోలు పెడితే రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. అంటే చదవబోయింది గూగుల్ కాదు, యాప్ కంపెనీయే. చిత్తుకాగితం గారూ, మీ మెయిల్లో సర్వర్ల పేరా వదిలెయ్యండి, పాలసీ లింకు చదవండి.

చిత్తుకాగితం #6
పాస్‌వర్డ్ రీసెట్ చేసి చూశాను. అన్నీ కనబడ్డాయి. స్కాన్లలో అక్షరాలు కూడా వెతికి పెడుతోంది. పాలసీలో ఏ పేరా చూడాలి?

డల్లాస్‌దోసె #7
పాత పాలసీ, పాత వెబ్ పేజీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతుంది. రెండూ ఏదైనా డిఫ్ టూల్లో (తేడాలు చూపే టూల్) పక్కపక్కన పెట్టండి, మారిన వాక్యాలే రంగులో కనబడతాయి. "సర్వీసు మెరుగుపరచడానికి" అన్న ముక్క ఎక్కడ కొత్తగా చేరిందో చూడండి, ఏదైనా దూర్చాలంటే ఆ సందులోంచే దూరుస్తారు. తర్వాత సబ్‌ప్రాసెసర్ల జాబితా, అంటే మీ డేటాతో పనిచేయించుకునే బయటి కంపెనీలు. యూరప్‌లో కస్టమర్లున్న కంపెనీలు చాలావరకు దీన్ని వేరే పేజీలో పెడతాయి. హోస్టింగ్ ఎవరు, మెయిళ్లు పంపేది ఎవరు, క్రాష్ రిపోర్టులు ఎవరికి పోతాయి, ఏఐ ఎవరిది అని వరసగా ఉంటుంది. మీరు హోస్టింగ్ ఒక్కదాని గురించే కంగారుపడుతున్నారు, ఆ జాబితాలో పది పదిహేను పేర్లున్నా ఆశ్చర్యపోకండి.

బాపట్లబైటు #8
ఏఐ బటన్ సంగతి ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. "ఈ నోటు సారాంశం ఇవ్వు" అని నొక్కిన నిమిషం ఆ నోటు హోస్టింగ్ దగ్గర ఆగదు, మోడల్ నడిపే ఇంకో కంపెనీకి పోతుంది. సెట్టింగ్స్‌లో ఆపేసే మీట ఉంటే ముందు ఆపండి. కొన్నిట్లో అకౌంట్‌కి ఒకటి, వర్క్‌స్పేస్‌కి ఒకటి, రెండు మీటలుంటాయి.

కోనసీమకోడ్ #9
పాతసర్వర్ అన్నా, క్లౌడ్ కంపెనీ చదవదు సరే, యాప్ వాళ్లు క్లౌడ్‌లో తలుపు తీసిపెట్టి మర్చిపోతే? 2019లో క్యాపిటల్ వన్ బ్యాంకుకి జరిగింది అదే. డేటా అమెజాన్ క్లౌడ్‌లో ఉంది, ఫైర్‌వాల్ సరిగ్గా సెట్ చేయలేదు, దానికి అవసరాన్ని మించిన అనుమతులిచ్చారు. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది వివరాలు పోయాయి. డిస్కు మీద ఎన్‌క్రిప్షన్ అక్కడా ఉంది. దొంగ సరైన అనుమతితో అడిగాడనుకుని సర్వరే విప్పి ఇచ్చింది.

పాతసర్వర్ #10
ఒప్పుకుంటా. కానీ సొంత సర్వర్ గదిలో ఈ పొరపాటు జరగదా? అక్కడ తప్పు చేస్తే కనిపెట్టే లాగ్ కూడా ఉండదు. ఇంకోవైపు 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ ఒక భవనం మొత్తం కాలిపోయింది. బ్యాకప్ కూడా అదే ఆవరణలో పెట్టుకున్నవాళ్లు నెత్తిన గుడ్డేసుకున్నారు. కాబట్టి మీ యాప్ వాళ్లకి మెయిల్ రాస్తే ఇవి అడగండి: ఏ రీజియన్ (సర్వర్లున్న ప్రాంతం), బ్యాకప్ ఇంకో రీజియన్లో ఉందా, ఎన్‌క్రిప్షన్ కీలు మీ చేతిలోవా క్లౌడ్ వాళ్ల చేతిలోవా, మీ ఉద్యోగి నోటు తెరిస్తే లాగ్ పడుతుందా, పాత సర్వర్ల డిస్కులు ఏం చేస్తున్నారు. చివరిది ఎవరూ అడగరు. తరలించాక పాత డిస్కుల్లో మీ నోట్లు అలాగే ఉంటాయి, వాటిని చెరిపేదాకా.

రెండోకాపీ #11
చివరి ప్రశ్నకి వంద మార్కులు.

డిస్క్‌నిండింది #12
హైదరాబాద్‌లోనే అమెజాన్ రీజియన్ ఉంది కదా, 2022 నవంబర్ నుంచి. ఇక్కడే పెట్టమంటే సరిపోదా? మన ఊళ్లో మన డేటా.

డల్లాస్‌దోసె #13
కంపెనీ అమెరికాది అయితే సర్వర్ గచ్చిబౌలిలో ఉన్నా గాజువాకలో ఉన్నా ఒకటే. 2018లో వచ్చిన అమెరికా చట్టం క్లౌడ్ యాక్ట్ ప్రకారం అక్కడి కోర్టు వారెంట్ ఇస్తే, డేటా ఏ దేశంలో ఉన్నా కంపెనీ ఇవ్వాలి, కోర్టులో అడ్డు చెప్పుకునే దారులు కొన్ని ఉన్నాయంతే. దగ్గర రీజియన్ వల్ల సింక్ త్వరగా అవుతుంది.

బాపట్లబైటు #14
మన 2023 డేటా రక్షణ చట్టంలో పనికొచ్చే ముక్క సెక్షన్ 8. యాప్ కంపెనీ పనిని ఇంకొకరి చేత చేయించుకున్నా బాధ్యత యాప్ కంపెనీదే, కాంట్రాక్టులో ఏం రాసుకున్నా సరే. "లీకు మా దగ్గర కాదు, క్లౌడ్ వాళ్ల దగ్గర" అని తప్పించుకోవడం కుదరదు. దేశం బయటికి పంపడం మాత్రం చట్టం ఆపలేదు. ఫలానా దేశాలకి వద్దని ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తేనే ఆగుతుంది. అలాగని ఆ చట్టం చూసుకుని గుండె మీద చెయ్యేసుకోకండి, సెక్షన్ల అమలు తేదీలు విడతలవారీగా ఉన్నాయి.

చిత్తుకాగితం #15
సరే, తీసేద్దామనే అనుకుంటున్నాను. పద్ధతి చెప్పండి.

రెండోకాపీ #16
మీ యాప్ ఏదో చెప్పలేదు కాబట్టి ఎవర్‌నోట్ పద్ధతి చెబుతా, మిగతావీ ఇంచుమించు ఇంతే.

ఫోన్లో కుదరదు, డెస్క్‌టాప్ యాప్ కావాలి. ముందు పూర్తిగా సింక్ అవ్వనివ్వండి, సగం దిగిన నోట్లని ఎక్స్‌పోర్ట్ చేస్తే బొమ్మలు ఖాళీగా వస్తాయి. నోట్లు ఏరి ఎంచుకుంటే ఒకసారికి 100 దాటనివ్వదు, అందుకే నోట్‌బుక్ మొత్తం మీద రైట్ క్లిక్ కొట్టి ఎక్స్‌పోర్ట్ చేయండి, ఫార్మాట్ ఈనెక్స్ (ఎవర్‌నోట్ సొంత ఫైల్ రకం). నోట్‌బుక్‌కి ఒక ఫైల్. నోట్‌బుక్ పేరు ఫైల్ లోపల ఉండదు, ఫైల్ పేరులోనే ఉంటుంది, కాబట్టి పేరు మార్చొద్దు. ట్యాగులు, రాసిన తేదీలు వస్తాయి. స్టాక్‌లు (నోట్‌బుక్‌ల గుంపులు) రావు. ఒక నోటులోంచి ఇంకో నోటుకి ఇచ్చిన లింకులు చాలా తెగుతాయి.

జాగా ముందే చూసుకోండి. అటాచ్‌మెంట్లని బేస్64 పద్ధతిలో మామూలు అక్షరాలుగా మార్చి రాస్తుంది కాబట్టి సైజు మూడో వంతు పెరుగుతుంది. 6 జీబీ స్కాన్లుంటే ఫైలు 8 జీబీ. అంత పెద్దది ఒకేసారి ఇంపోర్ట్ చేస్తే మెమరీ చాలక యాప్ చతికిలపడుతుంది, పెద్ద నోట్‌బుక్‌ని ముందే రెండు మూడు ముక్కలు చెయ్యండి.

నోటు లోపల కొంత టెక్స్ట్‌కి పాస్‌వర్డ్ పెట్టుంటే ముందు దాన్ని శాశ్వతంగా డీక్రిప్ట్ చేసి, అప్పుడు ఎక్స్‌పోర్ట్ చేయండి. లేకపోతే ఆ ముక్క ఈనెక్స్‌లో తాళంతోనే వస్తుంది, అవతలి యాప్ విప్పలేదు. పాత అకౌంట్ మూసేశాక ఈ సంగతి గుర్తొస్తే చేసేదేం లేదు.

తాళంచెవి #17
రెండోకాపీ గారి చివరి పేరాకి కొనసాగింపు. ఎవర్‌నోట్‌లో ఆ లోపలి తాళం నిజంగానే ఎండ్ టు ఎండ్. పాస్‌ఫ్రేజ్ సర్వర్‌కి పోదు. కానీ టెక్స్ట్‌కి మాత్రమే పడుతుంది. బొమ్మలకి, పీడీఎఫ్‌లకి, నోటు టైటిల్‌కి పడదు. "హెచ్‌డీఎఫ్‌సీ లాకర్ నంబర్" అని టైటిల్ పెట్టి కింద నంబర్ దాచేవాళ్లున్నారు. సగం చెప్పేశాక మిగతాది దాచి లాభమేంటి.

కోనసీమకోడ్ #18
టైటిల్ మాటకి లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ గుర్తుపెట్టుకోండి. 2022లో దొంగలు వాళ్ల బ్యాకప్‌ని బయటి క్లౌడ్ స్టోరేజీలోంచే ఎత్తుకుపోయారు. పాస్‌వర్డ్‌లు, నోట్లు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి, వెబ్‌సైట్ అడ్రస్‌లు మాత్రం తెరిచే ఉన్నాయి. ఎవరికి ఏ బ్యాంకులో, ఏ క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లో అకౌంట్ ఉందో దొంగకి తెలిసిపోయింది, ఎవరి తాళం ముందు పగలగొట్టాలో ఎంచుకోవచ్చు. పైగా పాస్‌వర్డ్ నుంచి కీ తయారుచేసే లెక్క రౌండ్లు (ఎక్కువైతే పగలగొట్టడం కష్టం) పాత అకౌంట్లు కొన్నిట్లో 5,000 దగ్గరే ఉండిపోయాయి, కొత్తవాటికి 1,00,100. ఎండ్ టు ఎండ్ అన్నారని ఆగిపోకండి. ఏవి తాళం బయట ఉన్నాయో చూడాలి.

బాపట్లబైటు #19
తరలించే ముందు ఏరేసే పని ఒకటుంది. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫోల్డర్‌లో మీ కంప్యూటర్ మీదే వెతకండి. పాన్ అంటే 5 అక్షరాలు, 4 అంకెలు, 1 అక్షరం, ఏ ఎడిటర్‌లోనైనా రెగెక్స్‌తో (నమూనా ఇచ్చి వెతికే పద్ధతి) దొరికిపోతుంది. ఆధార్ 12 అంకెలు, నాలుగేసి చొప్పున విడిగా రాసినవీ కలిపి రాసినవీ రెండూ వెతకాలి. "పాస్‌వర్డ్", "పిన్", "లాకర్", "పాస్‌బుక్", వీటిని ఇంగ్లీషు స్పెల్లింగ్‌తోనూ తెలుగులోనూ.

ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అని క్లౌడ్‌లో పెట్టేసేవాళ్లకి: ఆ పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. పేరు తెలిసినవాడికి మిగిలింది సంవత్సరం ఒక్కటే, వంద సార్లు ప్రయత్నిస్తే వచ్చేస్తుంది. తాళం కప్పకే తాళంచెవి కట్టి పెట్టినట్టు. ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే చివరి 4 అంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్ దించుకోండి.

తాళంచెవి #20
ఇంటికి తెచ్చుకున్న నోట్లు ఎక్కడ పెట్టాలంటే నా ఓటు జోప్లిన్ అనే ఉచిత నోట్స్ యాప్‌కి. ఈనెక్స్ నేరుగా తీసుకుంటుంది. మార్క్‌డౌన్ (మామూలు టెక్స్ట్) అని ఒకటి, హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ రూపం) అని ఒకటి అడుగుతుంది. టేబుల్స్ ఎక్కువున్న వెబ్ క్లిప్పులకి హెచ్‌టీఎంఎల్, మిగతావాటికి మార్క్‌డౌన్. సింక్ డ్రాప్‌బాక్స్, వన్‌డ్రైవ్, సొంత సర్వర్లో నడుపుకునే నెక్స్ట్‌క్లౌడ్ దేంట్లోనైనా పెట్టుకోవచ్చు, ఎన్‌క్రిప్షన్ పెట్టాక అక్కడికి చేరేది చెత్త అక్షరాలే.

అందరూ బోల్తా పడేది ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టేటప్పుడు. ఒక్క డివైస్‌లోనే ఆన్ చేయండి. మొత్తం మళ్లీ అప్‌లోడ్ అవుతుంది, 6 జీబీ అంటే రాత్రంతా పట్టొచ్చు, పూర్తయ్యేదాకా రెండో డివైస్ ముట్టుకోవద్దు. తర్వాత రెండోదాంట్లో సింక్ కొడితే అదే మాస్టర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. రెండిట్లో విడివిడిగా ఆన్ చేశారంటే రెండు కీలు పుడతాయి, ఏ నోటు దేనితో ముడిపడిందో తేలక తల పట్టుకుంటారు.

లాప్‌టాప్‌లో ఉన్న డేటాబేస్ ఫైల్‌కి మాత్రం జోప్లిన్ తాళం వేయదు. అది డిస్కు ఎన్‌క్రిప్షన్ పని: విండోస్‌లో బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్, లినక్స్‌లో లక్స్.

డల్లాస్‌దోసె #21
విండోస్ హోమ్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయితే రికవరీ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి పోతుంది. క్లౌడ్ వద్దని ఇంటికి తెచ్చుకున్న నోట్ల తాళంచెవి మళ్లీ క్లౌడ్‌లోనే అన్నమాట.

కోనసీమకోడ్ #22
నోట్స్ యాప్ అబ్సిడియన్ ఎందుకు చెప్పరు? ఫైళ్లన్నీ మామూలు మార్క్‌డౌన్, కంపెనీ మూతబడినా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకోవచ్చు. స్కిఫ్ అనే మెయిల్, నోట్స్ సర్వీస్ చూశారుగా, ఎండ్ టు ఎండ్ అని పేరు తెచ్చుకుంది, 2024 ఫిబ్రవరిలో ఇంకో నోట్స్ కంపెనీ నోషన్ కొనేసింది, ఆరు నెలల్లో సర్వీస్ మూసేశారు.

తాళంచెవి #23
మంచిదే. కాకపోతే బయటివాళ్లు రాసిన ప్లగిన్లకి ఫైళ్లు చదివే హక్కు, నెట్‌కి పోయే హక్కు రెండూ ఉంటాయి, మధ్యలో గోడ లేదు. ఇరవై ప్లగిన్లు వేసుకుని ప్రైవసీ అంటే కుదరదు. డబ్బు కట్టే వాళ్ల సింక్ ఎండ్ టు ఎండే. ఉచితంగా, డివైస్‌ల మధ్య నేరుగా ఫైళ్లు పంపే సింక్‌థింగ్ వాడొచ్చు, అయితే ఫోన్లో పొరపాటున చెరిపితే లాప్‌టాప్‌లోనూ చెరుగుతుంది. ఫైల్ వెర్షనింగ్ (పాత కాపీలు దాచడం) ఆన్ చేసుకోండి, అయినా బ్యాకప్ వేరేగా ఉండాల్సిందే.

డిస్క్‌నిండింది #24
ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పెట్టి నెక్స్ట్‌క్లౌడ్ నడిపితే ఏ గొడవా లేదుగా.

పాతసర్వర్ #25
ఏ గొడవా లేదు, కరెంటు పోనంతవరకు. ఎస్డీ కార్డు మీద డేటాబేస్ నడిపితే రాసి రాసి కార్డు చస్తుంది, యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ పెట్టాలి. కరెంటు పోయినప్పుడు పాడవకుండా చిన్న యూపీఎస్. మన ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి పబ్లిక్ ఐపీ ఉండదు, సీజీన్యాట్ (చాలా ఇళ్లకి కలిపి ఒకే ఐపీ) వెనక ఉంటాయి, పోర్ట్ తెరిచినా బయటినుంచి రాదు. మీ డివైస్‌లని ప్రైవేటుగా కలిపే టెయిల్‌స్కేల్ లాంటిది పెట్టుకోండి, పోర్టులు తెరిచే అవసరమే లేదు. అప్‌డేట్లు మీరే వేయాలి, ఆరు నెలలు వదిలేసిన సర్వర్ కన్నా క్లౌడే నయం. ఇవన్నీ చేసే ఓపిక లేకపోతే #20 చాలు.

చిత్తుకాగితం #26
మాస్టర్ పాస్‌వర్డ్ తెలుగులో పెట్టుకుంటే ఎవడూ ఊహించలేడు కదా? ఏదైనా సామెత.

తాళంచెవి #27
రెండు తప్పులు ఒకేసారి. సామెత అంటే పుస్తకాల్లో అచ్చయినది, జాబితా ఉన్నవాడు నిమిషంలో కొడతాడు. రెండోది పాస్‌వర్డ్ కనిపెట్టడం సంగతి కాదు, మీరే లోపలికి పోలేరు. "సాఫ్ట్‌వేర్" అన్న మాటనే కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత అక్షరాలు కలవకుండా విడదీసే, కనబడని అక్షరం ఒకటి చేర్చి కొడతాయి, కొన్ని చేర్చవు. ఐత్వం కూడా యూనికోడ్‌లో ఒకే అక్షరంగానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. స్క్రీన్ మీద అచ్చం ఒకేలా కనబడతాయి, బైట్లు వేరు, పాస్‌వర్డ్ తప్పంటుంది. ఫోన్లో పెట్టినది లాప్‌టాప్‌లో పడదు.

ఇంగ్లీషు అక్షరాలే వాడండి. పాచికలు వేసి 7,776 మాటల జాబితాలోంచి ఆరు మాటలు తీయండి, 77 బిట్లు వస్తాయి, అంటే ఊహించి కొట్టడం దాదాపు కుదరదు. మాటలు నచ్చలేదని మార్చుకుంటే లెక్క పోతుంది. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఎండ్ టు ఎండ్‌లో మర్చిపోతే ఇచ్చేవాడు లేడు.

రెండోకాపీ #28
కొత్త చోట చేరాక పాతది చెరిపేయడానికి తొందరపడొద్దు. నోట్ల సంఖ్య రెండుచోట్లా సరిపోయిందా చూడండి. అన్నిటికన్నా పాతవి పది, పెద్ద అటాచ్‌మెంట్లున్నవి పది, చేతిరాత స్కాన్లు పది తెరిచి చూడండి. నెల రోజులు రెండూ ఉంచండి. ఆ తర్వాత వరస: పబ్లిక్ షేర్ లింకులు ఆపండి, నోట్లు డిలీట్ చేయండి, ట్రాష్ ఖాళీ చేయండి, అప్పుడు అకౌంట్ మూయమనండి. యాప్ తీసేసినంత మాత్రాన సర్వర్లో ఒక్క నోటూ చెరగదు. మూశాక కూడా బ్యాకప్‌లలో కొన్నాళ్లుంటాయి. గూగుల్ క్లౌడ్ అయితే డిలీట్ అడిగాక పూర్తిగా పోవడానికి ఆరు నెలల దాకా పట్టొచ్చని వాళ్లే రాసుకున్నారు.

కోనసీమకోడ్ #29
మూసే ముందు సెట్టింగ్స్‌లో రెండు జాబితాలు చూడండి. అనుమతి ఇచ్చిన బయటి యాప్‌లు, లాగిన్ అయి ఉన్న డివైస్‌లు. క్యాలెండర్‌కి ఎప్పుడో కలిపినవి ఇంకా నోట్లు చదువుతూ ఉండొచ్చు. పాత డివైస్ ఏదైనా లాగిన్‌లో ఉంటే మీరు చెరిపిన నోట్ల కాపీ దాంట్లో ఉండిపోతుంది.

చిత్తుకాగితం #30
డివైస్‌ల జాబితా తెరిచాను. ఐదున్నాయి. ఒకటి 2019లో ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసిన ఫోన్, ఇంకా "యాక్టివ్" అనే చూపిస్తోంది.

తాళంచెవి #31
దాన్ని ఇప్పుడే తీసెయ్యండి, పాస్‌వర్డ్ మార్చండి, రెండో స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. క్లౌడ్ సంగతి రేపు చూద్దాం.

డిస్క్‌నిండింది #32
ఆ ఫోన్ కొనుక్కున్నాయన ఈపాటికి కిరాణా లిస్టు కంఠతా పట్టేసుంటాడు.